కారుకి కరెంటు దోషం వచ్చి పోతుంటే

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మారుతి 800 ఒక పూట సెల్ఫ్ అందుకోదు, ఒక రాత్రి హెడ్‌లైట్లు మిణుకుమిణుకుమంటాయి, షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా స్టార్టవుతుంది. అంతే కదా? బ్యాటరీ మార్చు, సెల్ఫ్ మోటారు మార్చు అని ఎవరు చెప్పినా అప్పుడే డబ్బు తియ్యకు. దోషం ఎప్పుడొస్తోందో ముందు రాసిపెట్టుకో. తెల్లారకట్ట మంచులోనో వానలోనో వస్తే కప్లర్లలో, అంటే వైర్లు కలిపే ప్లగ్గుల్లో, చిలుము చూడాలి. ఇంజను బాగా కాగాక వస్తే ఇగ్నిషన్ కాయిలు (ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చేది), రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చిలు) చూడాలి. గట్టు రోడ్డు కుదుపులకి వస్తే ఎక్కడో వైరు లోపల తెగబోతోంది, లేదా బ్యాటరీ మైనస్‌ని బండి ఇనుముకి కలిపే ఎర్త్ బోల్టు వదులైంది.

మన రాజోలు, అంతర్వేది వైపు బళ్లకి నేనైతే ముందు ఎర్త్‌నే అనుమానిస్తాను. ఉప్పుగాలికి బోల్టు కింద తుప్పు పడుతుంది, పైకి మాత్రం గట్టిగానే కనపడుతుంది.

మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టు. రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.5 లోపు రావాలి. వచ్చిందా, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ జోలికి ఇక పోకు.

అసలు పరీక్ష ఇది. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వెయ్యి. నీది కార్బ్యురేటర్ బండే కాబట్టి కాయిల్‌కి వెళ్లే సన్న వైరు ఊడదియ్యి, స్టార్టవకుండా ఉంటుంది. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీదే ఆనించు, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. ఎర్ర పిన్ను ఇంజను బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకి పెట్టి ఎవరిచేతైనా సెల్ఫ్ కొట్టించు. 0.3 వోల్టు దాటకూడదు. ఒకటి దగ్గరకొస్తే ఎర్త్ పట్టీదో, మైనస్ క్లాంపుదో తప్పు. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టుకి ఇలాగే చూస్తే 0.5 లోపు ఉండాలి. రెండూ బాగుండి సెల్ఫ్ అందుకోని పూట, సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారు మీది స్విచ్చి) మీది సన్న వైరు దగ్గర కొలువు. తాళం తిప్పినప్పుడు 12కి దగ్గరగా కాకుండా 8, 9 వస్తోందంటే ఇగ్నిషన్ స్విచ్చిలోనో దారిలో కప్లర్లోనో కరెంటు పోతోంది.

మీటరుని బీప్‌లో పెట్టి, మోగింది కదా అని వైరు బాగుందని మాత్రం అనుకోకు. ఒక్క పోగు మిగిలిన వైరైనా బీప్ కొడుతుంది. రెండు హెడ్‌లైట్లు కలిపి దాదాపు 10 ఆంపియర్లు తాగుతాయి. దారిలో 0.2 ఓమ్ అడ్డు తగిలితే 2 వోల్టులు అక్కడే పోయినట్టు. ఆ కాస్త అడ్డు చౌక మీటరు పిన్నుల వైర్లలోనే ఉంటుంది, ఇక మీటరేం చూపిస్తుంది? అందుకే లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, వోల్టేజీ కొలవమంటున్నాను.

కుదుపు దోషానికి లైట్లు వేసి ఉంచి, వైర్ల కట్టని జానెడు జానెడు కదుపుతూ రా. డోరు, డిక్కీ కీలుల దగ్గర, ఇంజను గదిలోంచి లోపలికొచ్చే రబ్బరు బుష్ దగ్గర ఎక్కువ తెగుతాయి. వైరు మెల్లగా లాగితే సాగిందంటే లోపల రాగి లేనట్టే. కోతలయ్యాక ఎలుకలు గడ్డివాము వదిలి బానెట్లో చేరతాయి, అదీ చూసుకో.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వెయ్యకు, వైరు కాలుతుంది. ఫ్యూజు చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు కట్టు. షార్టు ఉన్నంతసేపూ నిండుగా వెలుగుతుంది, వైర్లు కదుపుతుంటే ఎక్కడ మందగించిందో అక్కడే తంటా.

రిపేరు చేసేముందు మైనస్ క్లాంపు తియ్యి, బిగించేటప్పుడు అదే చివర. నల్లబడిన రాగిని మెరుపు కనపడేదాకా వెనక్కి కోసి, కొత్త ముక్కకి టంకం వేసి స్లీవు తొడుగు. ఎర్త్ చోటు ఉప్పుకాగితంతో తెల్లగా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించాకే పైన వ్యాసలీను రాయి.

ముందు ఎర్త్ డ్రాపు, అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు మైనస్ పోస్టు నుంచి వచ్చే ఆ వోల్టు, కొలిచి, ఎర్ర పిన్ను ఇంజనుకి పెడితే ఎంత, బాడీ ఇనుముకి పెడితే ఎంత వచ్చిందో విడివిడిగా రాసి పంపు. మిగతాది అది చూశాక చెబుతాను.

మీ మామయ్య