రాకాసి గుళ్ల కింద ఏముందో బోరు పాయింటు మిషన్‌తో తెలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: ఊరి పొలిమేరలో రాకాసి గుళ్లు అని పిలిచే రాతి వలయాలున్నాయి, తవ్వకుండా లోపల ఏముందో బోరు పాయింటు చూసే మిషన్‌తో తెలుసుకోవచ్చా, రాడారు పనికొస్తుందా అని. తెలుసుకోవచ్చు. కానీ బోరుకు చూసినట్టే చూస్తే ఏమీ దొరకదు. హనుమకొండ చుట్టుపక్కల బోరు పాయింట్లు చూడటమే నా పని. మిషను నడపడానికి ఒక పరిశోధక బృందంతో వెళ్లి ఇలాంటి వలయాల మీద కూడా పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

బోరు కోసం కరెంటు రాడ్లను రెండు వైపులా వంద మీటర్ల దాకా జరుపుకుంటూ పోతాం. మాకు కావాల్సింది ఎక్కడో లోతున ఉన్న రాతి పగులు. పైనున్న రెండు మీటర్ల మట్టిని పట్టించుకోం. ఈ వలయాల కింద ఉండే ఇనుప యుగపు సమాధికి ఆ రెండు మీటర్లే ముఖ్యం. అందుకని నాలుగు రాడ్లను మీటరు ఎడంతో ఒకే వరసలో పెట్టి, ఆ ఎడం మార్చకుండా మొత్తం వరసను ముందుకు జరుపుతూ పోవాలి. వలయం మీద 20 మీటర్ల చదరం గీసుకుని మీటరుకో రీడింగు తీస్తే 400 అవుతాయి. రాడ్డు ఐదు సెంటీమీటర్లు దిగితే చాలు, లోపలి వాటికి హాని లేదు. విసుగు పుట్టే పనే. మధ్యాహ్నానికి సాయం వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే చెట్టు కిందికి జారుకుంటారు.

రాతి పలకలతో పెట్టెలా కట్టిన సమాధి ఉంటే ఆ పలకల దగ్గర రెసిస్టివిటీ, అంటే కరెంటుకు నేల అడ్డుపడే గుణం, పెరుగుతుంది, మట్టి నిండిన గుంత దగ్గర తగ్గుతుంది. తడి రేగడిలో పది ఇరవై ఓం-మీటర్లు ఉంటే గట్టి గ్రానైటులో వేలల్లో ఉంటుంది కాబట్టి తేడా బాగానే తెలుస్తుంది. మా వైపు చెల్కల్లో, అంటే ఎర్ర ఇసుక నేలల్లో, దసరా నుంచి సంక్రాంతి దాకా మంచి అదను. మే నెలలో నేల ఎండిపోయి రాడ్డుకు కరెంటు అందదు, ప్రతి రాడ్డు దగ్గరా ఉప్పునీళ్లు పోస్తూ కూర్చోవాలి.

అసలు పేచీ మన గ్రానైటుతోనే. మొరంలో అక్కడక్కడా అరగని గుండ్లు ఉండిపోతాయి. మిషనుకు అవి కూడా సమాధి పలకల్లాగే కనిపిస్తాయి. నాకైతే వలయం మధ్యలో, చదరంగా, నాలుగైదు వరసల్లో వరసగా కనిపిస్తేనే నమ్మకం. ఒక్క రీడింగు పెరిగిందని సంబరపడితే కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేవాళ్లకూ మనకూ తేడా ఉండదు.

నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే మాగ్నెటోమీటరు దీనికంటే చాలా వేగం. కానీ ఇక్కడి భూమి అయస్కాంత క్షేత్రం 40,000 నానోటెస్లాలకు పైనే, మనం వెతికేది అందులో కొద్దిపాటి నానోటెస్లాల తేడా. బోరు కేసింగు, స్టార్టరు డబ్బా, కంచె తీగ, నేల కింద గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి డైకు, ఏది దగ్గరున్నా గల్లంతే. మిషను మోసే అబ్బాయి మొలతాడుకు ఉన్న పిన్నీసు కూడా తీయించాం. ఇంకో సంగతి: యూరప్‌లో అయస్కాంత రేఖలు దాదాపు నిటారుగా దిగుతాయి, మన దగ్గర బాగా వాలుగా ఉంటాయి. అందుకే ఇక్కడ మ్యాపులో గుర్తు సరిగ్గా వస్తువు మీద పడదు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటిగా విడిపోతుంది. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ మ్యాపులు చూసి మనవి చదవకండి.

నేలలోకి రేడియో తరంగాలు పంపి చూసే రాడారు గురించి కూడా అడిగారు. చెల్కలో పర్వాలేదు, రేగడిలో దండగ. బంకమట్టి తరంగాన్ని మింగేస్తుంది. పైగా బొమ్మ అందంగా ఉంటుంది కాబట్టి ఎక్కువ నమ్మేస్తాం. ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు రాతి వలయం దగ్గర, డ్యూరింగ్టన్ వాల్స్ అనే చోట నేల కింద తొంభై దాకా రాళ్లు పడి ఉన్నాయని 2015లో ప్రకటించారు. 2016లో తవ్వి చూస్తే రాయి లేదు. ఒకప్పుడు పెద్ద దుంగలు పాతి, తీసేశాక సుద్దరాళ్లతో పూడ్చిన గుంతలవి. అంతటి బృందానికే అలా అయింది. మిషను చెప్పేది ఇక్కడ ఏదో తేడా ఉందని మాత్రమే.

ములుగు జిల్లా తాడ్వాయి దగ్గరి దామెరవాయి లాంటి చోట్లకు ఇవేవీ పెద్దగా పనికిరావు. అక్కడి సమాధి గూళ్లు గుట్ట మీద ఇసుకరాయి పలకలతో పైకి కట్టినవి, రాతి మీద రాడ్డు దిగదు. డ్రోను ఫొటోలు, కొలతలు తీసుకోవడమే మేలు.

మీ ఊళ్లో మొదలుపెట్టే ముందు పశువుల కాపర్లతో ఒక రోజు తిరగండి. పొలం చదును చేసినప్పుడు ఏ రాళ్లు ఎటు తోశారో వాళ్లకు తెలుసు. రక్షిత స్థలమైతే పురావస్తు శాఖ, అడవైతే అటవీ శాఖ అనుమతి కావాలి. పంచాయతీకి కూడా ముందే చెప్పండి. వైర్లు పరిచారంటే గుప్తనిధుల వాళ్లొచ్చారని గంటలో ఊరంతా పాకుతుంది. మమ్మల్నీ నిలదీశారు, సర్పంచి వచ్చి చెప్పేదాకా కదలనివ్వలేదు. ఫలితాల మ్యాపు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఇక్కడ చూపించాలనుకుంటే ఊరి పేరు, లొకేషన్ తీసేసి పెట్టండి, రీడింగులు చూసి నాకు తోచింది చెబుతాను.