పేరు పెట్టి పిలిచే మంత్రం

"మాయలు, మంత్రాలు ఉండే ఫాంటసీ నవలల్లో మీకు బాగా నచ్చింది ఏది, ఎందుకు?" అని అడిగారు కదా. నాకు మాత్రం ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968 నాటి పుస్తకం. డిగ్రీలో ఉండగా ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికింది.

అప్పటికి హ్యారీ పాటర్ ఏడు భాగాలూ చదివేశాను. అంతకుముందే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, మా పెద్దమ్మ బైండు చేయించి దాచుకున్నవి, వదలకుండా చదివాను. మాంత్రికులు నాకు కొత్త కాదు. అయినా ఎర్త్‌సీ అనే ఆ దీవుల లోకంలో మంత్రం పనిచేసే తీరు చూసి ఆశ్చర్యపోయాను. ఆ దీవుల్లో ప్రతి వస్తువుకీ, ప్రతి ప్రాణికీ ఒక అసలు పేరుంటుంది. అది తెలిసినవాడికి దాని మీద పట్టు దొరుకుతుంది. అందుకే మనుషులు అసలు పేరు దాచుకుని పిలుపు పేరుతో బతుకుతారు.

ఇదంతా మా ఇంట్లో చూసిందే అనిపించింది. చీకటి పడ్డాక మా అమ్మమ్మ పాము అననిచ్చేది కాదు, 'పురుగు' అనాలి. పేరెత్తితే వస్తుందని భయం. ఒంటి మీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అనేది. తాతయ్య పేరు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. రేషన్ షాపులో ఎవరైనా అడిగితే నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి.

ఈ నవలలో గెడ్ అనే కుర్రాడు పొగరుతో ఒక మంత్రం వేసి, భయంకరమైన నీడనొకదాన్ని లోకంలోకి వదిలేస్తాడు. చావు తప్పి బయటపడ్డాక తన మీద తనకే నమ్మకం ఉండదు. అలాంటప్పుడు స్నేహితుడు వెచ్ ఊరు వదిలి వెళ్తూ వచ్చి తన అసలు పేరు చెప్పేస్తాడు. ప్రాణం తీసి చేతిలో పెట్టడమే అది. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. ఇంకోచోట పడవలు చేసే మిత్రుడి కొడుకు జ్వరంతో పోతుంటే, గెడ్ తన విద్యంతా పెట్టినా బతికించలేకపోతాడు. అన్నట్టు గెడ్‌ది ఎర్రని చామనఛాయ, వెచ్ నల్లవాడు. ఇంగ్లీషు ఫాంటసీలో మన రంగు మనుషుల్ని చూడటం నాకు అదే మొదలు.

బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' (2006) కూడా చదివాను. అందులో లోహాలు మింగి, వాటిని లోపల మండించి శక్తి పొందుతారు. ఇనుము లాగుతుంది, ఉక్కు తోస్తుంది. లెక్క ఎక్కడా తప్పదు. రెండు రాత్రుల్లో పూర్తిచేశాను, కానీ మూసేశాక నా మనసులో పెద్దగా నిలవలేదు.

మీరు ఎర్త్‌సీ మొదలుపెడితే తొలి పేజీలు నెమ్మదిగా సాగుతాయి, ఓపిక పట్టండి. తర్వాత దీని రెండో భాగం, 1971లో వచ్చిన 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' తప్పకుండా చదవండి. చిన్నప్పుడే గుడికి ఇచ్చేసిన ఒక పిల్లకు ఉన్న పేరు తీసేస్తారు. చాలా ఏళ్లకు గెడ్ వచ్చి ఆ పేరుతో పిలుస్తాడు.

మా అమ్మమ్మకూ పెళ్లయ్యాక పేరు మార్చారు, అత్తగారిదీ అదే పేరని. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ పాత పేరేంటని అడిగింది మాత్రం ఈ పుస్తకం చదివాకే. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి, కాసేపటికి చెప్పింది.