చేవ్రాలు ఎవరిది, కాగితం ఎక్కడిది?

ప్రశ్న: వ్యోమగామి జాన్ గ్లెన్‌ను గౌరవిస్తూ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ సంతకం చేశారని చెబుతున్న 1962 నాటి ప్రశంసాపత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. శ్రీహరికోట ప్రయోగాలు చూస్తూ పెరిగినవాణ్ని కనుక అలాంటి పత్రాలు సేకరించాలని ఎంతో కోరిక. అది అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది? కొంటే ఎలా భద్రపరచాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సంతకం సంగతి తర్వాత చూడవచ్చు, ముందు పత్రంలోని మాటలను శ్రద్ధగా చదవండి. గ్లెన్ 1962 ఫిబ్రవరి 20న భూమిని మూడుసార్లు చుట్టివచ్చారు. అదే నెల 23న కెన్నెడీ స్వయంగా ఫ్లోరిడాలోని రాకెట్ ప్రయోగ స్థలం కేప్ కనావరల్‌కు వెళ్లి ఆయనకు నాసా విశిష్ట సేవా పతకాన్ని అందజేశారు. ఆ ప్రాంతానికి కేప్ కెన్నెడీ అనే పేరు 1963 నవంబరులో, అధ్యక్షుడి హత్య తర్వాత వచ్చి 1973 వరకు నిలిచింది కనుక, 1962 తేదీ ఉన్న పత్రంలో ఆ పేరు కనిపిస్తే సంతకం వైపు చూడకుండానే దాన్ని పక్కన పెట్టవచ్చు. అలాగే అమెరికా కాంగ్రెస్ పేరిట ఇచ్చే అంతరిక్ష గౌరవ పతకానికి 1969లో అనుమతి లభించింది. 1978 అక్టోబరు 1న అధ్యక్షుడు కార్టర్ దాన్ని మొదటిసారిగా గ్లెన్, ఆర్మ్‌స్ట్రాంగ్, షెపర్డ్ తదితరులకు ప్రదానం చేశారు. ఆ పతకాన్ని పేర్కొంటూ కెన్నెడీ సంతకం ఉండడం అసాధ్యం.

ఇక సంతకం. కెన్నెడీ కార్యాలయం, ఒకరి సంతకాన్ని కలంతో అచ్చంగా గీసే ఆటోపెన్ అనే యంత్రాన్ని విరివిగా వాడింది. ఆయన పేరిట కార్యదర్శులు కూడా సంతకాలు చేశారు. మనిషి చేయి ఒకే సంతకాన్ని రెండుసార్లు అచ్చుగుద్దినట్లు పెట్టలేదు. అందువల్ల మీరు చూసిన సంతకం మరొక పత్రంలోని సంతకంతో గీత గీతకూ సరిపోతే అది యంత్రం పనే అనుకోవాలి. గీత మొదలు నుంచి చివర వరకు ఒకే ఒత్తిడితో సాగడం, చివర్లు సన్నబడకుండా మొద్దుగా ఆగిపోవడం కూడా యంత్రానికి గుర్తులే. అంతమాత్రాన ఆ పత్రం విలువలేనిదైపోదు, ఎందుకంటే అది ఆనాడు ప్రభుత్వం నిజంగా పంపిన కాగితమే కావచ్చు; అయితే స్వహస్త సంతకానికి ఇచ్చే ధర దానికి ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పత్రాన్ని మొదట ఎవరు అందుకున్నారో, తర్వాత ఎవరెవరి చేతులు మారిందో రాతపూర్వకంగా చూపమని అడగండి. ప్రభుత్వ దస్త్రంలోని మూలప్రతే తన దగ్గరుందని అమ్మేవారు చెబితే, అది దస్త్రం నుంచి బయటికి ఎలా వచ్చిందో తెలిసేవరకు డబ్బు కట్టకండి.

భద్రపరచడం కష్టం కాదు. లామినేషన్ మాత్రం చేయించకండి, అది కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆమ్లం లేని కాగితపు కవరులో, ఎండ తగలని గదిలో, నేలకు ఎత్తుగా, గోడకు ఆనకుండా ఉంచండి. వానాకాలంలో తేమ చేరిందేమో, పురుగు పట్టిందేమో తరచుగా చూసుకోండి.

ధర మీ శక్తికి మించితే రాకేశ్ శర్మతో మొదలుపెట్టండి. ఆయన 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్లారు, తర్వాత అశోక చక్ర అందుకున్నారు. ఆ యాత్రకు సంబంధించిన తపాలా కవర్లను పరీక్షించడం మన దేశపు సేకర్తలకు సులువు.