గుట్టలెక్కడానికి ఏ నెల మేలు?

ప్రశ్న: దసరా సెలవుల్లో భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలకు వెళ్లి, ఒక రాత్రి దగ్గర్లోనే గుడారం వేసుకోవాలనుకుంటున్నాం. అప్పటికి వానలు తగ్గుతాయా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆగండి. అక్టోబరులో నైరుతి వానలు ఇంకా వెనక్కి మళ్లుతుంటాయి, బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే మళ్లీ ముసురే. ఇసుకరాయి మీద పాచి ఎండదు. జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మేలు. అయితే డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 10 డిగ్రీలకు దిగొచ్చు. రగ్గు ఒక్కటే చాలదు, కింద మందపాటి చాప వేయాలి, ఎందుకంటే ఒంటి వేడిని నేలే లాగేస్తుంది. మనిషికి 3 లీటర్ల నీళ్లు. మార్చి దాటాక రాయి కాలుతుంది, వద్దు.

వానాకాలంలో వాగు దాటే దారులు మానేయండి. 2023 జులైలో ములుగు జిల్లాలోని ముత్యంధార జలపాతానికి వెళ్లినవాళ్లు వాగు పొంగి రాత్రివేళ అడవిలో చిక్కుకున్నారు. మీ నెత్తిన చినుకు లేకున్నా ఎగువన కురిస్తే చాలు. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు మారి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కండి. రాత్రి బసకు అటవీశాఖ అనుమతి ముందే అడగండి.