మామయ్య దిగాలనుకున్న స్టేషను

ప్రశ్న: మేము టోక్యోలోని నిషి కసాయ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాకు ఎనిమిదేళ్ళ పాప. మామయ్య రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా విశాఖపట్నం చుట్టుపక్కలే, ఎక్కువకాలం అరకు లైనులో. అత్తయ్య శాకాహారి, పైగా ఉబ్బసం. ఇద్దరూ మూడు నెలల వీసా మీద మొదటిసారి మా దగ్గరికి వచ్చారు.

వచ్చిన మూడో వారం మావారు శని, ఆదివారాల్లో టోక్యోకు దగ్గర్లోని కొండప్రాంతం హకోనేకి ప్రయాణం పెట్టారు. నిమిషాలతో సహా పట్టిక వేసుకున్నారు. కొండెక్కే రైలు, కేబుల్ కారు, రోప్‌వే, ఓవకుదాని అనే గంధకం పొగల లోయ, సరస్సులో ఓడ, రాత్రికి వేడినీటి బుగ్గల సత్రం. దారిలో రైలు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే మామయ్య ఓహిరదాయ్ స్టేషనులో దిగి కాసేపు చూద్దామన్నారు. ‘రోప్‌వేకి ఆలస్యమవుతుంది నాన్నా’ అని మావారు దిగనివ్వలేదు. ఓవకుదానిలో గంధకం పొగకు అత్తయ్యకు దగ్గు పట్టుకుని ఆగలేదు. ఇన్‌హేలర్ చూస్తే పెట్టెలో ఉంది, పెట్టె కింద స్టేషను లాకరులో ఉంది. మామయ్య, పాప మాత్రం అక్కడ అమ్మే నల్ల గుడ్లు కొనుక్కుని నవ్వుకుంటూ తిన్నారు.

రాత్రి సత్రంలో భోజనాల దగ్గర అత్తయ్య సూపు రెండు గుక్కలు తాగాక, పాప ‘నాన్నమ్మా, అందులో చేప ఉంటుంది’ అంది. అత్తయ్య లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చారు. ఇక ఏమీ ముట్టలేదు. మావారు అందరి ముందూ ‘ఆరేళ్ళుగా ఇక్కడ ఉంటున్నావు, ఆ మాత్రం చెప్పలేవా?’ అన్నారు. సత్రం బుక్ చేసింది ఆయనే. సూపులో అది ఉంటుందని నాకు తెలుసు, కానీ ఆయన ముందే చెప్పి ఉంటారులే అనుకున్నాను. లేచి బయటికి వెళ్ళిపోయాను. తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడుకోలేదు. పాప నాన్నమ్మ పక్కన పడుకోవడం మానేసింది. మామయ్య టికెట్లు ముందుకు జరపమంటున్నారు. ఈయనేమో అక్టోబరు నెలాఖరుకు కమికొచి అనే కొండలోయకు వెళ్దామని మళ్ళీ బుక్ చేశారు. ‘ఈసారి అన్నీ సరిగ్గా చూసుకుంటాను’ అంటారు. వద్దంటే నేనే అడ్డుపడినదాన్ని అవుతానా?
— ఒక సోదరి, టోక్యో

జవాబు: అడ్డుపడండమ్మా. ఆ ప్రయాణం ఈ అక్టోబరులో వద్దు. ఎలా వద్దనాలో తర్వాత చెబుతాను. ముందు మీరు తొందరగా రాసి దాటేసిన రెండు మాటల దగ్గర నన్ను కాసేపు కూర్చోనివ్వండి.

మొదటిది ఆ స్టేషను. హకోనే యుమోతో నుంచి గోరా దాకా కొండెక్కే ఆ రైలు 1919లో మొదలైంది. తొమ్మిది కిలోమీటర్లు కూడా లేని దారి, నలభై నిమిషాల ప్రయాణం. కొన్నిచోట్ల పన్నెండున్నర మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంది. పళ్ళ చక్రం లేకుండా, మామూలు పట్టాల మీదే. అంత ఏటవాలును తిన్నగా ఎక్కలేక మూడు చోట్ల వెనక్కి తిరుగుతుంది. బండి ఆగుతుంది, ముందున్న డ్రైవరు దిగి వెనక్కి నడుస్తాడు, వెనకున్న గార్డు దిగి ముందుకు వస్తాడు, ఇద్దరూ దారిలో ఒకరినొకరు దాటుకుని చోట్లు మార్చుకుంటారు. ఇప్పటిదాకా తోకగా ఉన్నది తల అవుతుంది. ఆ మూడు చోట్లలో ప్రయాణికులు దిగడానికి వీలున్న స్టేషను ఓహిరదాయ్ ఒక్కటే.

దీన్ని కిటికీలోంచి చూస్తున్నది ఎవరు? జీవితమంతా బండి చివరి పెట్టెలో జెండా పట్టుకుని కూర్చున్న మనిషి. అదీ మీరు అరకు లైను అన్న కొత్తవలస–కిరండూల్ లైనులో. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి ఓడల మీద జపాన్‌కు పంపడానికే 1960లలో ఆ లైను వేశారు. అంటే ఆ దేశానికి వెళ్ళే సరుకుకు ఆయన ఏళ్ళ తరబడి కాపలా కాశారన్నమాట. ఇన్నాళ్ళకు ఆ దేశానికే వచ్చి, తనలాంటి మరో గార్డు బండి దిగి ముందుకు నడిచిపోవడం చూసి, ‘దిగుదాం’ అన్నారు. మీ ఉత్తరం ప్రకారం, వచ్చిన మూడు వారాల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కొడుకు గడియారం చూసుకున్నాడు.

మీవారిని తిట్టడానికి రాయడం లేదు ఇది. ఆరేళ్ళు తల్లిదండ్రులకు దూరంగా ఉన్న కొడుకు ఆ బాకీ అంతా రెండు రోజుల్లో తీర్చాలని చూశాడు. అందుకే నిమిషాల పట్టిక. రైలూ రోప్‌వే ఓడా చూపించడంలో ఆయన ఎంత మునిగిపోయారంటే, వాళ్ళు ఎటు చూస్తున్నారో చూడలేదు. పోయినేడు మా అమ్మాయి దగ్గర యొకొహామాలో రెండు నెలలున్నాను. చూసిన చోట్ల పేర్లు సగం మరిచిపోయాను. సాయంత్రాలు అమ్మాయితో కూరగాయల కొట్టుకు వెళ్ళి, మూడంటే మూడే వంకాయలున్న పొట్లం ధర రూపాయల్లోకి మార్చి ఇద్దరం గుండెలు బాదుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

అన్నట్టు, మీ మామయ్య టికెట్లు జరపమంటున్నది మీ మీద కోపంతో అని నాకు అనిపించడం లేదు. ఆ ఒక్క రాత్రి ఖర్చును ఆయన కూడా లోలోపల రూపాయల్లోకి మార్చుకునే ఉంటారు. అంత ఖర్చు పెట్టించి, భార్య పస్తు పడుకుని, కొడుకూ కోడలూ మాటలనుకుంటే, ‘మనవల్లే కదా ఇదంతా’ అనుకునే తరం వాళ్ళది.

దాటేసిన రెండో మాట పాప. నాన్నమ్మ పక్కన పడుకోవడం మానేసిందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో గుచ్చుకున్నది అదే. ఎనిమిదేళ్ళ పిల్ల తనకు తెలిసిన నిజం చెప్పింది. చెప్పిన మరుక్షణం నాన్నమ్మ లేచిపోయింది, నాన్న అరిచాడు, అమ్మ బయటికి వెళ్ళిపోయింది. ఆ లెక్కలో తప్పెవరిదని తేలుతుంది? తనదే. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ ముడి విప్పండి. ‘నువ్వు చెప్పకపోతే నాన్నమ్మ గిన్నెడూ తాగేసేది, నువ్వు చెప్పబట్టే ఆగింది’ అని చెప్పండి. ఆ మాట అత్తయ్య నోటినుంచే వస్తే ఇంకా మంచిది. ఆవిడను అడగండి, కాదనరు. మనవరాలి కోసం అయితే ముందు ఆవిడే కదులుతారు, చూడండి.

ఇక సూపు. జపాన్ వంటలో దాషి అనే రసం లేనిది దాదాపు ఏదీ కుదరదు. ఎండబెట్టి పలచని రేకులుగా చెక్కిన కత్సువో చేప, కొంబు అనే సముద్రపు నాచు వేసి తీస్తారు. మన చారుకు కందికట్టు ఎలాగో వాళ్ళ వంటకు అది అలాగ. చాలామంది అక్కడివాళ్ళు దాన్ని చేప కింద లెక్కవేయరు. శాకాహారం అని చెబితే చేప ముక్క తీసేస్తారు, రసం అలాగే ఉంటుంది. అందుకే ‘కత్సువో దాషి కూడా వద్దు’ అని ఆ పేరుతోనే, కొన్ని రోజుల ముందే సత్రానికి చెప్పాలి. షోజిన్ రియోరి అని బౌద్ధ మఠాల వంట ఉంది. అందులో నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ రసం తీస్తారు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. అత్తయ్యకు అది సరిగ్గా సరిపోతుంది. దొరకనిచోట పెరుగన్నం, ఆవకాయ వెంట ఉంటే నామోషీ ఏమీ కాదు.

ఇవన్నీ మీకు తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు. బుక్ చేసిన ఆయన చెప్పలేదు, నిజమే. కానీ గిన్నె ముందు పెట్టినప్పుడు అందులో ఏముందో మీకు తెలుసు. ‘చెప్పి ఉంటారులే’ అనుకున్నారు. నిజంగా అలా అనుకున్నారా, లేక ఆయన పట్టిక ఆయనే చూసుకుంటాడులే అని కాస్త బిగుసుకుని కూర్చున్నారా? మధ్యాహ్నం దగ్గు గొడవ జరిగిన తర్వాత అలా అనిపించడం వింతేమీ కాదు. నాకు జవాబు చెప్పక్కర్లేదు. ఆ రెండు గుక్కల్లో మీ వాటా ఎంతో మీకు తెలిస్తే చాలు. ఆ వాటాకు అత్తయ్య దగ్గర మీరు క్షమాపణ చెప్పండి. తన వాటాకు మీవారు చెప్పాలి. దాషి అంటే ఏమిటో ఆవిడకు విడమరచవద్దు. నియమం తప్పిన మనిషికి పాకశాస్త్రం చెబితే పుండు మీద కారం చల్లినట్టే.

అందరి ముందూ మిమ్మల్ని అలా అనడం మాత్రం పూర్తిగా ఆయన తప్పే. దాన్ని మీరు మింగేయవద్దు, అలాగని అత్తమామలు పక్కగదిలో ఉండగా తేల్చుకోనూవద్దు. గోడలు పలచన. రాత్రి చెత్త సంచీ పడేసే వంకతో ఇద్దరూ కిందికి దిగండి, ఓ పది నిమిషాలు నడవండి. ‘మీరు నన్ను అందరి ముందూ అన్న మాట నాకు తగిలింది. నాకు తెలిసి కూడా చెప్పకపోవడం నా తప్పు. ఇకమీదట వాళ్ళకు సంబంధించింది ఏదైనా ఇద్దరం కలిసే బుక్ చేద్దాం’ అనండి. ఈ మూడు మాటలూ ఈ వరసలోనే. ఆరేళ్ళ పాత లెక్కలు తీయవద్దు.

తర్వాత కమికొచి సంగతి ఎత్తండి. అది చెడ్డ చోటు కాదు. నిజానికి పెద్దవాళ్ళకు హకోనే కన్నా అదే నయం. బస్సు దిగి కాసేపు నడిస్తే కప్పా వంతెన, కింద అజుసా నది, ఎదురుగా మూడు వేల మీటర్లు దాటిన హొతక శిఖరాలు. 1915లో యాకెదాకె అగ్నిపర్వతం పేలినప్పుడు ఏర్పడిన తైషో చెరువు దాకా దారి దాదాపు చదునే. సొంత కార్లు రానివ్వరు కనుక గాలి కూడా శుభ్రం. చిక్కు దూరంతో. టోక్యో నుంచి మత్సుమోతోకు రెండున్నర గంటలు, అక్కణ్ణుంచి చిన్న రైలు, మళ్ళీ బస్సు. రెండు రోజుల్లో వెళ్ళి రావాలంటే పెద్దవాళ్ళకు కూర్చోవడమే సరిపోతుంది. పైగా పదిహేను వందల మీటర్ల ఎత్తులో అక్టోబరు చివరి తెల్లవారుజాములు సున్నా దగ్గరికి పడిపోతాయి, ఉబ్బసానికి ఆ చలి మంచిది కాదు. నవంబరు 15న మూసేస్తారని మీవారు తొందరపెడతారు. ఏప్రిల్‌లో మళ్ళీ తెరుస్తారు. మీరు ముగ్గురూ అప్పుడు వెళ్ళండి.

ఓవకుదాని గురించి కూడా ఒక మాట. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అక్కడికి రావద్దని అక్కడే రాసి పెడతారు, రోప్‌వే దగ్గర చెబుతారు కూడా. జపనీస్ చదవగలిగినవాళ్ళు మీ ఇద్దరు. ఎవరు చదవలేదో ఇప్పుడు తవ్వడం దండగ.

ఆ నల్ల గుడ్డు ఒకటి తింటే ఆయుష్షు ఏడేళ్ళు పెరుగుతుందంటారు. మీ ఉత్తరంలో ఎవరైనా నవ్వింది అక్కడొక్కచోటే. చూశారా, తాతకూ మనవరాలికీ ఎవరూ ఏమీ చూపించనక్కర్లేకపోయింది.

కాబట్టి కమికొచి డబ్బు తిరిగి వచ్చినంత రాబట్టుకుని, మీవారిచేత ఒక శనివారం సెలవు పూర్తిగా తండ్రికి ఇప్పించండి. ఉదయం తీరిగ్గా బయలుదేరి ఓహిరదాయ్ వెళ్ళాలి. అంతే. రోప్‌వే లేదు, ఓడ లేదు, రాత్రి బస లేదు. ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. గంటకు మూడు నాలుగు బండ్లు వస్తాయి. మామయ్య ఎన్ని చూస్తానంటే అన్ని. పాపను తాతయ్య పక్కన కూర్చోబెట్టండి, గార్డు పనేమిటో ఆయన చెబుతారు. ఈ మాట మామయ్యతో చెప్పాల్సింది మీరు కాదు, ఆయన కొడుకు. ‘ఆ రోజు దిగనివ్వలేదు నాన్నా, ఈసారి దిగుదాం’ అంటే చాలు. టికెట్ల మాట ఆ తర్వాత అడగండి.

అత్తయ్య వస్తానంటే తీసుకెళ్ళండి. ఇంట్లోనే ఉంటానంటే మీరూ ఉండిపోండి, ఇద్దరూ కలిసి పులిహోర కలిపి వాళ్ళకు కట్టి పంపండి. వచ్చేటట్టయితే మాత్రం ఇన్‌హేలర్ ఆవిడ చేతిసంచీలోనే ఉండాలి. బయలుదేరేముందు జిప్పు తీసి ఒకసారి చూసుకోండి.