పాత మియాటా కొన్న తమ్ముడికి

తమ్ముడూ, బ్రేకు పట్టేసింది, నాలుగు కాలిపర్లూ (చక్రం డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) మార్చాలని షాపువాడు అనగానే కార్డు తీయకు. ముందు ఏది పట్టేసిందో తేల్చుకో. నీది 1999 మోడల్ మియాటా, మాజ్డా వాళ్ళ రెండు సీట్ల చిన్న కారు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పైగా ఇక్కడ కార్లకు ఏటేటా తనిఖీ అనేది లేదు. అడుగున ఎంత తుప్పు తిన్నదో నీకు అమ్మినవాడికి కూడా తెలిసి ఉండదు.

ఫ్రీవే దిగాక వెనక కుడి చక్రం దగ్గర మాడువాసన అన్నావు. చేత్తో ముట్టుకుని చూడకు, బొబ్బలెక్కుతుంది. దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో. బ్రేకు పెద్దగా తొక్కకుండా పావుగంట నడిపి, వెనక రెండు డిస్కుల వేడి పోల్చి చూడు. ఒకటి బాగా ఎక్కువుంటే దొంగ దొరికినట్టే. అలాగే నడుపుకుంటూ పోతే మాత్రం బ్రేక్ ఆయిల్ మరిగి, అవసరమైనప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది.

అసలు పరీక్ష చక్రం బిగుసుకుని ఉండగానే చేయాలి. చల్లారి వదిలేశాక చేస్తే ఏమీ తెలియదు. చదునైన చోట ముందు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, వెనక జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకు. గ్లవ్స్ వేసుకుని, కాలిపర్ మీది బ్లీడర్ స్క్రూకి (ఆయిల్, గాలి బయటికి వదిలేది) సన్న ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, స్క్రూ కొంచెం వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైందా? అయితే నీ కాలిపర్ తప్పేం లేదు. ఒక్క చక్రానికే ఇలా ఉంటే చాలాసార్లు కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, అంటే హోస్, లోపల ఉబ్బిపోయి ఉంటుంది. తొక్కినప్పుడు ఆయిల్ లోపలికి పోతుంది, వెనక్కి రాదు. పైకి చూస్తే హోస్ శుభ్రంగానే కనిపిస్తుంది. నా మొదటి కారుకి ఈ సంగతి తెలియక ఒక షాపులో రెండు కాలిపర్లు మార్పించాను. డబ్బులు పోయాయి గానీ వాసన పోలేదు.

తుప్పు బండి కదా, బ్లీడర్‌ని బలవంతంగా తిప్పితే విరుగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచు.

స్క్రూ వదిలినా చక్రం కదలకపోతే హ్యాండ్ బ్రేకు కేబుల్‌ని కాలిపర్ దగ్గర ఊడదియ్యి. అప్పుడు వదులైతే కేబులే తుప్పు పట్టింది. అదీ కాకపోతే కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు, లేదా ప్యాడ్లని డిస్కు మీదికి నెట్టే పిస్టన్. పిన్నులైతే అదృష్టం: తీసి, తుడిచి, సిలికోన్ గ్రీజు పూస్తే సరి. మామూలు గ్రీజు పూశావా, రబ్బరు ఉబ్బి మళ్ళీ మొదటికొస్తుంది. మనం ఇంటి దగ్గర బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు, ఇక్కడ షాపులో బ్రేక్ ఫ్లూయిడ్ అని అడుగు. డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు.

వెనక పిస్టన్‌ని క్లాంపు పెట్టి నొక్కకు. మియాటాలో హ్యాండ్ బ్రేకు మెకానిజం దాని లోపలే ఉంటుంది, విరిగిపోతుంది. కాలిపర్ వెనక 14 ఎంఎం బోల్టు విప్పితే లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. ఎడమకి తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. బిగించేటప్పుడు ప్యాడ్లు డిస్కుని తాకేదాకా కుడికి తిప్పి, అక్కణ్ణుంచి చుట్టులో మూడో వంతు వెనక్కి వదులు. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి, బాగైన కాలిపర్‌నే మళ్ళీ పట్టించేస్తారు.

పిస్టనే తుప్పు పట్టి ఉంటే రీబిల్ట్ కాలిపర్ (పాతదాన్ని బాగుచేసి అమ్మేది) కొనుక్కో, వెనకవి రెండూ ఒకేసారి వేయించు. కోర్ అని అదనంగా డబ్బు కట్టించుకుంటారు, పాతది తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు. అందుకని పాతది చెత్తలో వేయకు.

అంతా అయ్యాక ఆయిల్‌లో గాలి తీసి, బండి కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కు. నేను ఒకసారి మర్చిపోయి రివర్స్ వేశాను. పెడల్ నేలకి తగిలింది, బండి డ్రైవ్‌వే దిగి ఎదురింటివాళ్ళ మెయిల్ బాక్స్‌ని పడేసి ఆగింది.