స్లెడ్‌కి 3,900 డాలర్ల స్కిడ్ కొనాలా?

ప్రశ్న: మేం మినియాపొలిస్ పక్కన ఉంటాం, సొంతూరు హన్మకొండ. హెచ్1బీ మీద ఐటీ ఉద్యోగం, ఇంట్లో నా ఒక్కడి జీతమే, మూడేళ్ల బాబు. రెండేళ్ల కింద 5,500 డాలర్లకి పాత స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి, ఇక్కడ స్లెడ్ అంటారు) కొన్నాను, 137 అంగుళాల ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు బెల్టు), ఇప్పటికి 4,800 మైళ్లు తిరిగింది. సీజన్‌కి ఓ పది రోజులు నడుపుతా. గతుకుల్లో వెనక సస్పెన్షన్ అడుగుకి కొడుతోంది, ఇంటికొచ్చేసరికి నడుం పట్టేస్తోంది. షాపులో వేరే కంపెనీ స్కిడ్, అంటే వెనక సస్పెన్షన్ మొత్తం, వేయించుకోమన్నారు, బిగింపుతో కలిపి 3,900, వాళ్ల షాపు కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ ఉండదట. సేవింగ్స్‌లో 5,200 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 2,900, దాని వడ్డీ 24 శాతం. నెల ఖర్చు 4,600. మా ఆవిడ స్లెడ్ అమ్మేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: కొనొద్దు, కనీసం ఈ సీజన్‌లో వద్దు. అమ్మడం కూడా అవసరం లేదు. నేనూ మిన్నెసోటాలోనే ఉంటాను, నాకూ స్లెడ్ ఉంది, కాబట్టి ఆ నడుం నొప్పి ఎలా ఉంటుందో, జనవరిలో ఇంట్లోనే కూర్చుంటే మనసెలా ఉంటుందో రెండూ తెలుసు.

స్లెడ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. ట్రాక్ లోపల రెండు పట్టాలు, వాటిని పట్టుకునే రెండు చేతులు, ముందొక షాక్ అబ్జార్బర్, వెనకొకటి (క్లుప్తంగా షాక్‌లు), స్ప్రింగులు, చక్రాలు, ఇదంతా కలిపి ఒకే యూనిట్. దాన్నే స్కిడ్ అంటారు. మొత్తంగా విప్పి ఇంకో కంపెనీది పెట్టుకోవచ్చు, స్లెడ్‌ల తయారీలో మన రాష్ట్రానికి మంచి పేరే ఉంది. పొలారిస్ పుట్టింది రోసోలో, ఆర్కిటిక్ క్యాట్ థీఫ్ రివర్ ఫాల్స్‌లో, గెరార్డ్ కార్పిక్ అనే ఆయన చేసిన ఎం-10 సస్పెన్షన్ వచ్చింది ఎవెలెత్ నుంచి. మంచి స్కిడ్ వేస్తే స్లెడ్ నిజంగానే మారిపోతుంది, అందులో షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ మీ స్కిడ్‌కి ఏమైందో ఎవరైనా చూశారా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

4,800 మైళ్లంటే, మధ్యలో ఎవరూ పట్టించుకోకపోతే, షాక్‌లలో ఆయిల్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఏటా, లేదా రెండు వేల మైళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ అది. అది పోయిన షాక్ మొదటి గతుకుని పట్టుకుంటుంది, పదో గతుక్కి వేడెక్కి వదిలేస్తుంది, మీరు చెప్పిన 'అడుగుకి కొట్టడం' సరిగ్గా ఇలాగే ఉంటుంది. స్ప్రింగులు కూడా కంపెనీవాళ్లు ఎవరో సగటు మనిషి బరువుకి పెట్టి పంపుతారు, మీరు హెల్మెట్, బూట్లు, జాకెట్ అన్నీ వేసుకుని కూర్చుంటే ఆ లెక్క దాటిపోయి ఉండొచ్చు. వీటికి తోడు గ్రీజు ఎండిపోయిన షాఫ్టులు, బేరింగులు అరిగిన చక్రాలు, పట్టాల కింద అరిగిపోయిన హైఫ్యాక్స్ (ప్లాస్టిక్ పట్టీలు). ఇవన్నీ కలిసి మంచి స్కిడ్‌ని కూడా కర్రముక్కలా చేస్తాయి.

కాబట్టి ముందు రిపేరు ఖర్చు చూడండి. రెండు షాక్‌లు విప్పి ఆయిల్, సీళ్లు మార్చి, మీ బరువుకి తగ్గట్టు లోపలి వాల్వులు సర్దడానికి, మీ బరువుకి సరిపడే స్ప్రింగుల జతకి, హైఫ్యాక్స్‌కి, బేరింగులకి అన్నీ కలిపి 600 డాలర్ల లోపు అంచనా వేసుకోండి, స్కిడ్ మీరే విప్పి షాక్‌లు పట్టుకెళ్లి ఇస్తే ఇంకా తగ్గుతుంది. ఒక్కటి మాత్రం ముందే అడగండి, మీ షాక్‌లు విప్పగలిగే రకమేనా అని. చవక మోడళ్లకి సీలు చేసినవి వస్తాయి, అవి పోతే కొత్తవే కొనాలి. అలాంటప్పుడు కూడా రెండు మంచి షాక్‌లు కొనడమే మొత్తం స్కిడ్ కంటే తక్కువలో అయిపోతుంది.

ఇప్పుడు రోజు లెక్క. ఈ స్లెడ్ ఇంకో మూడు సీజన్లు ఉంచుకుంటారనుకుందాం, సీజన్‌కి పది చొప్పున 30 రోజులు. 3,900ని 30తో భాగిస్తే రోజుకి 130 డాలర్లు, పెట్రోలు, ట్రైలర్, మోటెల్ కాకుండా. అదే 600 అయితే రోజుకి 20. ఆ పది రోజులైనా ఖాయమా? మన ట్రెయిళ్లు (స్లెడ్‌లు నడిపే దారులు) డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా తెరిచి ఉంటాయి అని కాగితం మీద ఉంటుంది, మంచు ఉండాలి కదా. 2023-24 చలికాలం ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) రికార్డుల్లోనే అన్నిటికంటే వెచ్చనిది, ఆ ఏడాది ఎంతమంది స్లెడ్‌లు గరాజ్ దాటలేదో మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి ఏడాది ఒక్కటి పడితే ఆ 130 కాస్తా దాదాపు 200 అవుతుంది.

షాపు కార్డు సంగతికొద్దాం, నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. 'వడ్డీ లేదు' అనే ఆ ఆఫర్లు చాలావరకు వడ్డీని వాయిదా వేస్తాయంతే, మాఫీ చేయవు. 12 నెలల్లో మొత్తం కట్టేస్తే సరే, నెలకి 325 చొప్పున. మీరు నెలకి 300 కట్టి చివర్లో ఒక 300 మిగిల్చారనుకోండి, ఆ 300 మీద మాత్రమే కాదు, మొదటి రోజు నుంచి ఉన్న బాకీ అంతటి మీదా వడ్డీ ఒక్కసారిగా వేస్తారు. రేటు 30 శాతం ఉంటే అది 600 డాలర్లకు పైనే. అంటే మీ రిపేరు డబ్బులన్నీ వడ్డీకే పోయినట్టు. కాగితంలో 'డిఫర్డ్ ఇంట్రెస్ట్' అన్న మాట ఉందేమో చూడండి, ఉంటే సంతకం పెట్టకండి.

ఇక పాత కార్డు. 2,900 మీద 24 శాతం అంటే నెలకి 58 డాలర్లు, ఏడాదికి దాదాపు 700 ఊరికే పోతున్నాయి. దీన్ని ముందు తీర్చాలి, కానీ సేవింగ్స్ మొత్తం ఊడ్చి తీర్చొద్దు. మీది హెచ్1బీ. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి 60 రోజులే, ఇంట్లో రెండో జీతం లేదు, చేతిలో ఉన్నది నెల ఖర్చు కంటే కాస్త ఎక్కువ. ముగ్గురికి టికెట్లు కొనుక్కుని ఇంటికెళ్లాల్సి వచ్చినా చేతిలో డబ్బుండాలి కదా. నేనైతే సేవింగ్స్‌లోంచి రిపేరుకి 600 మాత్రమే తీస్తాను, మిగతా 4,600 కదపను, స్కిడ్ కోసం నెలకి 325 కట్టగలననుకున్నారు కదా, అదే 325ని పాత కార్డుకి కడతాను. పది నెలల్లో అది పూర్తిగా తీరిపోతుంది. ఆ తర్వాత అదే మొత్తం ఎమర్జెన్సీ డబ్బులోకి వెళ్లాలి, కనీసం మూడు నెలల ఖర్చు అయ్యేదాకా.

అంతా అయ్యాక కూడా స్కిడ్ కావాలనిపిస్తే కొనుక్కోండి, నేను ఆపను. ఏప్రిల్ తర్వాత, వాడినది, చేతిలో డబ్బుతో. అప్పుడు ధరలు దిగుతాయి, స్లెడ్‌లు అమ్మేసేవాళ్లు విడిగా స్కిడ్‌లు పెడతారు. మీ ట్రాక్ పొడవుకి, మీ స్లెడ్ టన్నెల్‌కి (ట్రాక్‌ పైన ఉండే లోహపు చట్రం) సరిపోయేదేనా, కొత్త బోల్టు రంధ్రాలు వేయాలా అని రాతపూర్వకంగా అడగండి. పొడవు మారితే ట్రాక్ కూడా మార్చాలి, అది వేరే ఖర్చు. కొండల్లో మెత్తటి మంచు కోసం చేసిన స్కిడ్ తక్కువకి దొరికిందని ట్రెయిల్ స్లెడ్‌కి వేయకండి. పాత స్కిడ్‌ని షాపులో వదిలేయకండి, స్లెడ్ అమ్మేటప్పుడు దాన్ని తిరిగి బిగించి, ఖరీదైనది విడిగా అమ్ముకోవచ్చు, ఎందుకంటే స్లెడ్‌తో కలిపి అమ్మితే దానికి ఎవరూ పెద్దగా లెక్క కట్టరు. ఇన్సూరెన్స్‌లో అదనపు సామానుకి ఎంతవరకు ఇస్తారో కూడా అడిగి పెట్టుకోండి.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ట్రెయిల్ చదును చేసే బండ్లు, గ్రూమర్లు, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, ఆ చలికి మంచు గట్టిపడి పొద్దున ట్రెయిల్ బల్లలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి అదే ట్రెయిల్ నిండా గతుకులు. టాకొనైట్ ట్రెయిల్ అయినా, డులూత్ నుంచి గ్రాండ్ మరై వెళ్లేదైనా అంతే. పొద్దున ఏడింటికే బయల్దేరండి, మీ నడుముకి తేడా తెలుస్తుంది. అయినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, అన్నీ సస్పెన్షన్ మీదే వేయకండి.

షాపుకి వెళ్లేముందు ఇంట్లో ఒక కొలత తీయండి. వెనక బంపర్ పట్టుకుని స్కిడ్ పూర్తిగా చాచుకునేదాకా ఎత్తి, నేల నుంచి బంపర్‌కి ఎన్ని అంగుళాలో చూడండి. తర్వాత అన్నీ వేసుకుని స్లెడ్ మీద కూర్చుని, రెండుసార్లు ఊగి, కదలకుండా మళ్లీ కొలిపించండి. తేడా 3 నుంచి 4 అంగుళాలు ఉంటే స్ప్రింగులు బాగానే ఉన్నాయి, అనుమానం షాక్‌ల మీద. అంతకంటే ఎక్కువ ఉంటే, స్ప్రింగు సర్దే క్యామ్‌ని గట్టి వైపుకి తిప్పి మళ్లీ చూడండి, అప్పటికీ దిగిపోతుంటే స్ప్రింగులు మీ బరువుకి చాలవు. ఈ కొలతకి ఇద్దరు కావాలి, టేపు మీ ఆవిడ చేతికివ్వండి, ఈ లెక్కలన్నీ కూడా అప్పుడే ఆవిడకి చెప్పండి.